చెల్క ఆరితే ఎక్కు, రేగడి తడిస్తే దిగు

మట్టి దారుల్లో సైకిల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మట్టి దారుల మీద సైకిల్ తొక్కడం గురించి రాసి, సందేహాలుంటే పంపమన్నాను. బాగానే పంపారు. సగం మంది అడిగింది బైకు ధర గురించే. వాళ్లందరికీ మొదటి జవాబు చాలు. నా సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క: పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో 31 ఏళ్లు పనిచేశాను. ఊరి రోడ్లకు మొరం (ఎర్ర కంకర మట్టి) పోయించడం, రోలర్ తిప్పించడం, ఎంబీ (జరిగిన పని కొలతల పుస్తకం) రాయడం నా ఉద్యోగం. రిటైరయ్యాక అవే రోడ్ల మీద సైకిల్ తొక్కుతున్నాను. అప్పట్లో జీపులో కూర్చుని సంతకం పెట్టేసిన గుంతలన్నీ ఇప్పుడు నడుముకు లెక్క చెబుతున్నాయి.

ప్రశ్న: మియాపూర్‌లో ఉంటాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింది సైకిల్ ట్రాక్ మీద ఏడాదిగా తొక్కుతున్నాను. బోర్ కొట్టేసింది. గ్రావెల్ బైకింగ్ మొదలుపెట్టాలంటే లక్షన్నర పెట్టి కొత్త బైకు కొనాల్సిందే అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా? మొదటిసారి ఎక్కడికి వెళ్లాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 34 ఏళ్లు

జవాబు: కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి. గ్రావెల్ బైకు అంటే రేసు సైకిల్‌కి ఉండే వంపు హ్యాండిల్, దానికి లావు టైర్లు, కొండెక్కడానికి తేలిక గేర్లు. అంతే. మీ దగ్గర హైబ్రిడ్ (తారుకీ, కొంత మట్టికీ పనికొచ్చే తిన్నని హ్యాండిల్ సైకిల్) ఉంటే పనిలో ముప్పాతిక వంతు అయిపోయినట్టే. టైరుకీ ఫోర్కుకీ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల కమ్మీకి) మధ్య చిటికెన వేలు పెట్టి చూడండి. అటూ ఇటూ వేలు దూరితే ఇంకాస్త లావు టైరు పడుతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న, గీతలున్న టైర్ల జత వేయించండి. గాలి తగ్గించండి. ట్రాక్ మీద 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించే అలవాటు ఉంటుంది మీకు. మొరం మీద 70 కిలోల మనిషికి 35, 40 చాలు. ఈ ఒక్క పనితో సైకిల్ మారిపోయినట్టుంటుంది. పది రైడ్లు పూర్తయ్యాక కూడా కొనాలనిపిస్తే అప్పుడు కొనండి, నేను అడ్డు రాను.

మీ ట్రాక్ 23 కిలోమీటర్లు, 2023 అక్టోబరులో తెరిచారు. మంచిదే, కానీ అక్కడ నేల ఎప్పుడూ ఒకటే. మట్టి దారి మజా అంతా నేల మారడంలో ఉంది. అందుకే మొదటి రైడ్‌కి వికారాబాద్ చెబుతాను. ఒక్క పూటలో మూడు రకాల నేల తగులుతుంది.

రైల్లో వెళ్లండి. సైకిల్‌ని ముందుగా పార్సిల్ ఆఫీసులో బుక్ చేస్తే బ్రేక్ వ్యాన్‌లో వేస్తారు. వికారాబాద్‌లో దిగి అనంతగిరి ఘాట్ ఎక్కండి. దూరం తక్కువే, తారు రోడ్డే, కానీ ఊపిరి ఎంత ఉందో తేలిపోతుంది. పైన అనంత పద్మనాభస్వామి గుడి. మూసీ నది పుట్టేది ఆ గుట్టల్లోనే. హైదరాబాద్‌లో మూసీని చూసి ముక్కు మూసుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి ఒకసారి చూడాలి. గుడి చుట్టుపక్కల నేల ఎర్రగా, బెల్లం గడ్డలా గట్టిగా ఉంటుంది. చిన్న చిన్న ఇనుప రంగు గులకలు కనిపిస్తాయి. ఇది జేగురు రాయి అరిగి అయిన నేల. వాన పడిన రెండు మూడు గంటలకే ఆరుతుంది, టైరుకు అంటదు. సైకిల్‌కి ఇంతకంటే మంచి నేల నేను చూడలేదు.

గుట్ట దిగి కేరెళ్లి, ధారూరు వైపు వెళ్తుంటే ఎరుపు తగ్గి చెల్కలు (ఇసుక పాలెక్కువున్న తేలిక నేలలు) వస్తాయి. మొక్కజొన్న, పత్తి చేల మధ్య బండ్ల బాటలు. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట దగ్గర టిఫిన్ డబ్బా విప్పుకోండి. అక్కడి నుంచి వెనక్కి వస్తే భోజనం వేళకు వికారాబాద్. కాదు, ఇంకా తొక్కుతానంటే తాండూరు వైపు వెళ్లండి. అక్కడ కథ మారుతుంది. నల్లరేగడి మొదలవుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కంది పండేది ఆ వైపు నేలల్లోనే. కందికి మంచి నేల సైకిల్‌కి పగ.

ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను. మూడేళ్ల కిందట సెప్టెంబరులో, ముందురోజు వాన పడిందని తెలిసి కూడా, ‘ఆరిపోయి ఉంటుందిలే’ అని తాండూరు దగ్గర ఒక డొంకలోకి దిగాను. వంద గజాలు వెళ్లేసరికి టైరు రెట్టింపు లావైంది. ఇంకో యాభై గజాలకు మట్టి ఫోర్కులో ఇరుక్కుని చక్రం తిరగడమే మానేసింది. దిగి తోద్దామంటే తోయలేం, చక్రం తిరగదుగా. మోద్దామంటే 12 కిలోల సైకిల్ పాతిక కిలోలైంది. చేలో విరిగిపడ్డ కట్టెతో గోకుతూ, పది అడుగులు వేస్తూ, మళ్లీ గోకుతూ రెండు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. చెప్పు ఒకటి అక్కడే నేలలో ఉండిపోయింది. గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయన అంతా చూసి, "ఏం సారూ, సైకిల్ నీ మీద ఎక్కిందా?" అన్నాడు.

31 ఏళ్లు నేలను పరీక్షించిన మనిషిని, రెండు నిమిషాల పరీక్ష చేసి ఉంటే సరిపోయేది. మీరు చేయండి. దారిలోకి దిగేముందు పిడికెడు మట్టి తీసుకోండి. సీసాలోంచి కాసిని నీళ్లు పోసి ముద్ద చేయండి. దాన్ని రెండు అరచేతుల మధ్య వత్తిలా పేనండి. అగ్గిపుల్లంత సన్నం కాకముందే పుటుక్కున తెగిపోతే అందులో బంకమట్టి తక్కువ. తడిగా ఉన్నా తొక్కొచ్చు. తెగకుండా దారంలా సాగుతూ పోతే మర్యాదగా తారు రోడ్డుకు వెళ్లిపోండి. మా లేబరేటరీలో మూడు మిల్లీమీటర్ల దారం తీసి చూసేది ఈ పరీక్షే, కాకపోతే అక్కడ గాజుపలక ఉంటుంది, ఒక అటెండరు ఉంటాడు.

ఇంకో జాగ్రత్త. సైక్లింగ్ యాప్‌లలో దామగుండం అడవి గుండా వెళ్లే పాత రూట్లు ఇంకా కనిపిస్తున్నాయి. అక్కడ సుమారు 2,900 ఎకరాలు నౌకాదళం రేడియో కేంద్రానికి వెళ్లాయి. 2024 అక్టోబరులో శంకుస్థాపన అయింది. ఫోన్ చూపిస్తోంది కదా అని లోపలికి పోకండి.

ప్రశ్న: మీరు పోయిన నెల రాసింది చదివి మేం నలుగురం అనంతగిరి అంతా తిరిగాం. మూసీ పుట్టిన చోటు ఎవరినడిగినా తెలియదన్నారు. సరిగ్గా ఎక్కడో చెప్పగలరు.
– విశాఖపట్నం

జవాబు: అయ్యో. మీరు వెళ్లింది అరకు దారిలోని అనంతగిరికి. నేను రాసింది వికారాబాద్ అనంతగిరి గురించి. జిల్లా పేరు రాయకపోవడం నా తప్పే. అయినా మీకు నష్టమేమీ లేదు, సైకిల్‌కి మీ అనంతగిరే అందమైనది. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ. తోటల మధ్య నుంచి గిరిజన గూడేలకు వెళ్లే ఎర్ర దారులు.

అక్కడి రాయి ఖొండలైట్. ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. అది అరిగితే వచ్చే ఎర్రమట్టి ఎండినప్పుడు పట్టు బాగుంటుంది, తడిస్తే సబ్బు. దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టారో, ముందు చక్రం పక్కకు జారి మీరు కాఫీ మొక్కల్లో ఉంటారు. పిరుదులు సీటు వెనక్కి జరపండి, వెనక బ్రేకు ఎక్కువ, ముందుది కొసరుగా. జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. కానీ అప్పుడే కాఫీ పండ్లు కోస్తుంటారు, తోటలో మనుషులుంటారు. కొన్ని తోటలు అటవీ అభివృద్ధి సంస్థవి, కొన్ని గిరిజన రైతులవి. అడిగి వెళ్లండి. కిరండోల్ రైలెక్కి 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ దాటి అరకులో దిగి, అక్కడి నుంచి మొదలుపెడితే ఎక్కుడు తప్పుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరవేయడానికి వేసిన లైను అది. మన సైకిళ్లు దానికో లెక్కా!

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లా. ప్రతి రైడ్‌కీ రెండు మూడు పంక్చర్లు. ఖరీదైన టైర్లు వేసినా అంతే. ఏం చేయాలి?
– ప్రభుత్వ ఉపాధ్యాయుడు

జవాబు: మీ శత్రువులు ఇద్దరు. పల్లేరు కాయ, సర్కారు తుమ్మ ముల్లు. ఇద్దరికీ మందు ఒకటి కాదు.

పల్లేరు నేల మీద పాకే మొక్క. పసుపు పచ్చని చిన్న పూలు పూస్తుంది. కాయ ఎండితే విడిపోయి, ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉండేట్టు పడుతుంది. దారి అంచున, పశువులు నిలబడే చోట ఎక్కువ. ముల్లు పొట్టిది, చిల్లు చిన్నది. దీనికి ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్ పోయించుకోవడమే మందు. ముల్లు లాగగానే తెల్లటి ద్రవం బుస్సుమని వచ్చి, చక్రం రెండు చుట్లు తిరిగేసరికి మూసుకుపోతుంది. అయితే సీలెంట్ డబ్బా మీద రాసిన ఆరు నెలల గడువు మన ఎండలకు నమ్మకండి. మా ఇంట్లో మే నెలలో విప్పి చూస్తే మార్చిలో పోసింది రబ్బరు జీళ్లలా ఎండిపోయి ఉంది. వేసవిలో రెండు నెలలకోసారి పోయించండి.

సర్కారు తుమ్మది వేరే కథ. రైతులు కంచెకు కొట్టిన కంప దారిలో పడి ఉంటుంది. దాని ముల్లు అంగుళం పైన ఉంటుంది. టైరు లోపలికి దూరి రిమ్ టేపు దాకా పోతుంది. అక్కడ సీలెంట్ చేతులెత్తేస్తుంది. అందుకే ట్యూబ్‌లెస్ వేయించినా ఒక ట్యూబ్, టైరు ఊడదీసే లివర్లు రెండు, చిన్న పంప్ సంచిలో ఉండాల్సిందే. ట్యూబ్ వేసేముందు టైరు లోపల వేలితో తడమండి. పాత ముల్లు మొన అక్కడే ఉంటే కొత్త ట్యూబ్ కూడా ఐదు నిమిషాల్లో పోతుంది. వేలికి గుచ్చుకుంటే సంతోషించండి, దొరికినట్టే.

టైరు ఎంత ఖరీదైనదైతే అంత మంచిదన్న భ్రమ వదులుకోండి. రేసు కోసం చేసిన టైరు పక్కలు పలచగా ఉంటాయి. మనకు బరువెక్కువైనా పక్కలు మందంగా ఉన్నవే కావాలి. ఇక, ఊళ్లో మోటార్ సైకిల్ పంక్చర్లు వేసేవాళ్లను తక్కువ అంచనా వేయకండి. నీళ్ల తొట్టిలో ట్యూబ్ ముంచి, బుడగ చూసి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఓపికగా ఆగి ప్యాచ్ వేస్తారు. మనం ఆగం. మన ప్యాచ్‌లు ఊడేది అందుకే.

ప్రశ్న: రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. వయసు 41. కాలువ గట్ల మీద పొద్దున్నే తొక్కాలని ఉంది. ఒక్కదాన్నే అంటే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఎప్పటికైనా మారేడుమిల్లి దాకా వెళ్లాలని కోరిక.
– పేరు వేయవద్దు

జవాబు: అమ్మా, మీకున్నన్ని గట్లు ఇంకెవరికీ లేవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు విడిపోయాయి. కాలువ తవ్విన మట్టే గట్టు, గట్టే దారి. చదును నేల, ఎక్కుడు అన్న మాటే ఉండదు. మొదట ధవళేశ్వరం నుంచి కడియం వైపు వెళ్లండి. నర్సరీలన్నీ ఆ వైపే. పొద్దున ఆరింటికే మొక్కల లోడ్ ఎత్తే ట్రాలీలు, నీళ్లు కొట్టే పైపులు, టీ కొట్లు. ఒంటరిగా ఉన్నట్టే ఉండదు. మొదటి నెల అదే దారిలో, అదే వేళకు వెళ్లండి. నాలుగో రోజుకు టీ కొట్టావిడ మిమ్మల్ని గుర్తుపడుతుంది. ఏడో రోజు రాకపోతే అడుగుతుంది. ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఇంట్లో వాళ్లకు పంపడం ఎలాగూ చేస్తారు, దానికన్నా నాకు ఈ టీ కొట్టు మీదే నమ్మకం ఎక్కువ.

మీ వైపు పుంత అంటారే, చేల మధ్య బండి దారి, అవి నాకు చాలా ఇష్టం. అయితే డెల్టా నేలలో సొంత రాయి లేదు. అంతా గోదారి తెచ్చిన ఒండ్రు. గట్టు మీద ఎర్ర గ్రావెల్ కనిపించిందంటే మెట్ట నుంచి లారీల్లో తెచ్చి పోసిందే. గ్రావెల్ పోసిన గట్టు వానాకాలంలోనూ నడుస్తుంది. పోయని పుంత జూన్ నుంచి నవంబరు దాకా మీది కాదు, ట్రాక్టర్లది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడికతీత పనులు జరుగుతాయి. గట్టు మీద తీసిపోసిన బురద కుప్పలుంటాయి, చూసుకోండి.

కోతల రోజుల్లో ఒక ముఖ్యమైన సంగతి. ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తారు. దాని మీద నుంచి తొక్కకండి, పక్కన చోటు లేకపోతే దిగి నడిపించుకుపోండి. అది ఒకరి ఏడాది కష్టం. గడ్డి కూడా చూడటానికి మెత్తగానే ఉంటుంది, వెనక గేరులో చుట్టుకుందంటే డీరైలర్ (గేర్లు మార్చే భాగం) వంగి స్పోకుల్లోకి పోతుంది. నాకు అలాగే పోయింది. 3,200 రూపాయలు.

మారేడుమిల్లి మాట. అక్కడికి 85 కిలోమీటర్ల పైచిలుకు, రంపచోడవరం దాటాక అడవి. ప్రధాన రోడ్డు తారే. అవతల చింతూరు వైపు దిగే ఘాట్‌లో లారీలు వంపు తిరుగుతుంటే సైకిల్‌కి మిగిలే చోటు తక్కువ. అక్కడికి ఒంటరిగా వద్దు. ఇది ఆడవాళ్లకు చెప్పే మాట కాదు, నేనూ ఒంటరిగా వెళ్లను. ఫోన్ సిగ్నల్ లేని చోట చైన్ తెగినా సమస్యే. ముగ్గురు నలుగురు కలిసి, మారేడుమిల్లిలో రాత్రి బస చేసి, పొద్దున్నే చుట్టుపక్కల గూడేల దారులు తిరగండి. ఏజెన్సీలో మలేరియా ఉంది, సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, దోమతెర. బొంగు చికెన్ తినండి, కానీ తొక్కడం పూర్తయ్యాకే. మా ఆవిడ ఈ వాక్యం చదివి నవ్వుతోంది, కారణం వచ్చే సంచికలో కూడా చెప్పను.

ప్రశ్న: కొన్ని మట్టి రోడ్ల మీద రేకుల షెడ్డు కప్పులా వరసగా అలలుంటాయి. మణికట్లు పోతున్నాయి. అవి ఎందుకు వస్తాయి?
– నిజామాబాద్

జవాబు: ఇది నా సబ్జెక్టు, కాబట్టి సంపాదకులు ఓపిక పట్టాలి. ఎండిన పొడి గ్రావెల్ మీద బండి కొంత వేగం దాటి వెళ్తే చక్రం చిన్న ఎత్తు తగిలినప్పుడల్లా ఎగిరి పడుతుంది. పడిన చోట గుంత, ముందుకు తోసిన గులకతో గుట్ట. వెనక వచ్చే బండి అదే చోట ఎగిరి దాన్ని పెంచుతుంది. బంకమట్టి తగినంత కలిసిన మొరం అయితే గట్టిగా పట్టి ఉంటుంది, అలలు ఆలస్యంగా వస్తాయి. మరీ ఎక్కువ కలిస్తే వానకు బురద. ఆ పాళ్లు కుదరడమే మొరం రోడ్డు మంచీ చెడూ. కుదరని రోడ్లకు కూడా బిల్లులు రాశాం, దాచడమెందుకు.

మీరు చేయగలిగింది: అలలు దారి మధ్యలో, చక్రాల జాడల్లో ఎక్కువ, అంచున తక్కువ. అంచుకు వెళ్లండి, పల్లేరు చూసుకుంటూ. హ్యాండిల్ పిడికిలి బిగించి పట్టకండి, పాలగ్లాసు పట్టినట్టు పట్టండి. గాలి ఇంకో 5 పీఎస్‌ఐ తగ్గించండి. రెండు వారాల తర్వాత కూడా చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకు చూపించండి, నాకు ఉత్తరం రాయకండి.

ప్రశ్న: నల్లమలలో పాత బాటలు చాలా ఉన్నాయంటారు. మన్ననూరు నుంచి అడవి లోపలికి సైకిల్ మీద వెళ్లొచ్చా?
– నాగర్‌కర్నూల్

జవాబు: వెళ్లకూడదు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. శ్రీశైలం రోడ్డు మీదే రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లను ఆపేస్తారు, బాటల సంగతి అడగాలా?

నేను ఒకసారి తప్పు చేశాను. వేరే జిల్లాలో, బోర్డు లేని చోట నుంచి రిజర్వు ఫారెస్టులోకి దూరాను. అర కిలోమీటరు పోయాక చెంచు వాచర్ ఒకాయన ఎదురొచ్చాడు. తిట్టలేదు. సైకిల్ పక్కన పెట్టించి ఒక పుట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. పుట్ట చీల్చి ఉంది, మట్టి ఇంకా తడిగా ఉంది, పక్కన గోళ్ల గీతలు. ఎలుగుబంటి చెదల కోసం తవ్వింది, ఆ తెల్లవారుజామునే. "పులి నిన్ను ముందే చూసి తప్పుకుంటది. ఇది తల వంచుకుని తింటుంటది, నీ సైకిల్ చప్పుడు కాదు, దగ్గరికొచ్చినంక చూసి మీద పడ్తది" అన్నాడు. అప్పటిదాకా చప్పుడు చేయకుండా వెళ్లే సైకిల్ అడవికి మంచిదని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. మానేశాను.

అడవి చూడాలంటే అటవీ శాఖ వాళ్ల సఫారీ ఉంది. తొక్కాలంటే అచ్చంపేట చుట్టుపక్కల చెల్కల బాటలు పట్టుకోండి. ఫిబ్రవరి చివర్లో వెళ్తే గట్ల మీద మోదుగలు పూసి ఉంటాయి, దూరంగా నల్లమల అంచు గోడలా కనిపిస్తూ ఉంటుంది.

ప్రశ్న: అంకుల్, మేం అమెరికాలో కాన్సాస్ సిటీ దగ్గర ఉంటాం. ఇక్కడ గ్రావెల్ రేసుల పిచ్చి ఎక్కువ. నాన్నగారు వచ్చే నెల వస్తున్నారు, 62 ఏళ్లు, ఊళ్లో రోజూ సైకిల్ తొక్కుతారు. ఇద్దరం కలిసి ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?
– ఒహియోలో చదివి కాన్సాస్‌లో స్థిరపడిన పాఠకురాలు

జవాబు: నువ్వు ఉన్నది ఈ ఆటకు పుట్టిల్లు లాంటి చోటమ్మా. ఎంపోరియా ఊళ్లో 2006లో మొదలైన 200 మైళ్ల రేసు, ఇప్పుడు అన్‌బౌండ్ అంటున్నారు, నీకు తెలిసే ఉంటుంది. అది జరిగేది ఫ్లింట్ హిల్స్‌లో. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయి. సున్నపురాయి అరిగిపోయి ఈ రాయి మాత్రం అంచులతో సహా మిగులుతుంది. నేల మీద మట్టి పలచన, నాగలి దిగదు. నాగలి దిగలేదు కాబట్టే అక్కడ పాత గడ్డి మైదానాలు దున్నకుండా మిగిలాయి. కానీ ఆ రాయి టైరు పక్కను బ్లేడులా కోస్తుంది. నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లకు.

మిస్సోరీలో కేటీ ట్రైల్‌కు తీసుకెళ్లు. పాత ఎం.కె.టి. (మిస్సోరీ-కాన్సాస్-టెక్సస్) రైల్వే లైను పట్టాలు తీసేసి, నలిపిన సున్నపురాయి పొడి పరిచి చేసిన దారి. క్లింటన్ నుంచి మాచెన్స్ దాకా సుమారు 240 మైళ్లు. రైలు నడిచిన కట్ట కాబట్టి చాలా చోట్ల ఎక్కుడు తెలియనే తెలియదు. కార్లు రావు. ప్లెజంట్ హిల్ నుంచి విండ్సర్ దాకా ఇంకో పాత రైలు దారి వచ్చి ఇందులో కలుస్తుంది, మీకు అది దగ్గర. కానీ నా ఓటు రోచ్‌పోర్ట్ దగ్గరి ముక్కకు. కిందటేడు మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు తొక్కాను. రాతి సొరంగంలోంచి బయటపడితే ఒకవైపు సున్నపురాతి గోడ, ఇంకోవైపు మిస్సోరీ నది. పొడి సున్నం మడమల దాకా తెల్లగా అంటుకుంటుంది. సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేసినవాళ్లలా తయారవుతారు. నాన్నగారికి సీటు ఎత్తు సరిచేయి. మన ఊళ్లో నేల మీద రెండు కాళ్లూ ఆనేట్టు సీటు దించుకునే అలవాటు మా తరానిది. అలా అయితే ముప్పై మైళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి. ఆయన ఒప్పుకోరు, నువ్వు ఒప్పించు.

ప్రశ్న: ఊరి కుక్కలు వెంటపడితే?
– కరీంనగర్

జవాబు: దిగండి. సైకిల్ మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడవండి. పరుగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం, నడిచేదాన్ని కాదు. వంగి రాయి తీస్తున్నట్టు నటిస్తే చాలా కుక్కలు వెనక్కి తగ్గుతాయి. పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడగండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. పసుపు, సున్నం, మిరపకారం పెట్టకండి.

ప్రశ్న: పోయిన నెల మీరు రాసిన పరిగి దగ్గరి ఆరు కిలోమీటర్ల మొరం దారి చూసుకుని హైదరాబాద్ నుంచి ఏడుగురం వచ్చాం. అక్కడ మొరం లేదు, నల్లగా నిగనిగలాడే తారు రోడ్డుంది. రాసేముందు చూసుకోవాలి కదా?
– సైక్లింగ్ బృందం తరఫున

జవాబు: చూసుకోవాలి. నేను చివరిసారి తొక్కింది ఏడాది కిందట. తప్పు నాదే, ఏడుగురికీ క్షమాపణ. ఇకపై మీరూ ఒక పని చేయండి. ఉపగ్రహ చిత్రాన్ని నమ్మకండి, అది ఎన్ని నెలల కిందటిదో ఏమో. ఆ ఊరి పంచాయతీకో, కిరాణా కొట్టుకో ఫోన్ చేసి, "రోడ్డు వేశారా?" అని అడగండి. వేయకపోతే ఎందుకు వేయలేదో పావుగంట చెబుతారు, వేస్తే ఒక్క ముక్కలో చెబుతారు.

మీ ఉత్తరం చూశాక మొన్న ఆ దారికి వెళ్లి వచ్చాను. సర్వీసులో ఉండగా ఆ దారికి నేనే మూడుసార్లు అంచనాలు పంపాను, మూడుసార్లూ వెనక్కి వచ్చాయి. ఇప్పుడు ఆ ఊరి నుంచి పాల క్యాన్లు ఆటోలో వెళ్తున్నాయి. ఇంతకుముందు మోటార్ సైకిల్‌కి కట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ తెచ్చేవాళ్లు. టీ కొట్టు ముందు కూర్చున్నాయన నన్ను గుర్తుపట్టి, "సారూ, చివరికి వేయించినవ్" అన్నాడు. నేను కాదని చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుపడుతూనే టీ తాగాను, డబ్బులు కూడా తీసుకోలేదు.

సైకిల్‌కి మాత్రం ఆరు కిలోమీటర్ల మంచి మొరం పోయింది, కాదనను. దానికి బదులు ఇంకోటి వెతుకుతున్నాను, కుల్కచర్ల వైపు ఒకటి చూసిపెట్టుకున్నాను. వచ్చే నెలలోపు తొక్కి చూసి రాస్తాను. మీరు మాత్రం చదివిన వారంలోనే వెళ్లండి. అది ఎన్నాళ్లు మొరంగా ఉంటుందో నా పాత ఆఫీసులో ఫైలు ఏ బల్ల మీద ఉందో దాన్ని బట్టి ఉంటుంది.